విజిల్ తాడు

ఆ బడిలో పిల్లలకు రెండు రకాల టీచర్లు. చదువూ, రాతా, లెక్కలూ చెప్పే క్లాసు టీచర్లు ఒక రకం. పొద్దస్తమానం పిల్లలతోనే ఉంటారు కాబట్టి వాళ్ళ మొహాలు ఇళ్ళవాళ్ళకు తెలుసు, ఫోన్ నంబర్లు తెలుసు, ఇంట్లో కూర్చుని వాళ్ళని తిట్టుకోవడమూ తెలుసు. రెండో రకం వారానికి ఒకటి రెండు పీరియడ్లు వచ్చిపోయేవాళ్ళు. పాటల టీచరు, బొమ్మల మాస్టారు, పుస్తకాల గది టీచరమ్మ, డ్రిల్లు మాస్టారు. వీళ్ళెవరో, పిల్లలకు ఏం నేర్పుతారో తల్లిదండ్రులకు తెలియాలని పెద్దమేడం ఒక పద్ధతి పెట్టింది. బడి తెరిచిన మూడో శనివారం పొద్దున ఇళ్ళవాళ్ళందరూ రావాలి. ఉపన్యాసాలుండవు. అమ్మానాన్నలే పిల్లలైపోయి, ఒక్కో టీచరు దగ్గర పావుగంట పాఠం చెప్పించుకోవాలి. పిల్లలు గోడవారన నిలబడి పెద్దవాళ్ళ అవస్థ చూసి నవ్వుకోవాలి.

డ్రిల్లు మాస్టారికి మాత్రం కొత్తగా పరిచయం అక్కర్లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయన కుడి అరచెయ్యి ఆ చుట్టుపక్కల ఇళ్ళలో సగం చెంపలకు బాగా పరిచయం. పిల్లలు ఆయనకు పెట్టుకున్న పేరు చెళ్ళు మాస్టారు. కొట్టేముందు కోప్పడడం, కళ్ళెర్రజేయడం లాంటి తతంగమేమీ ఉండదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే చెళ్ళుమంటుంది. కొట్టినవాడికీ తిన్నవాడికీ ఒకేసారి తెలుస్తుంది.

ఆ చెయ్యి ఆయనకు వాళ్ళ నాన్న ఇచ్చిన ఆస్తి. నాన్న ఇనుప గేట్లకు వెల్డింగు చేసేవాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పకముందే ఒక దెబ్బ, భోజనం దగ్గర ఒక దెబ్బ. కారణం ఏదో ఒకటి దొరికేది, దొరక్కపోయినా పనాగేది కాదు. ఒకసారి నీళ్ళచెంబు వొలికించినందుకు తలుపుకేసి కొడితే గొళ్ళెం తగిలి కనుబొమ్మ చీలింది. తల్లి ఆ నెత్తురు తుడిచి, తుడిచిన గుడ్డని మొగుడు చూడకుండా బకెట్లో దాచింది, చూస్తే దానికీ కొడతాడని. పద్దెనిమిదో ఏట ఆయన మొదటిసారి తిరగబడ్డాడు. నాన్న చెయ్యెత్తగానే ఆ మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో దవడ మీద ఒక్కటిచ్చాడు. నాన్న వెల్లకిలా పడ్డాడు. లేచి నోట్లో నెత్తురు ఉమ్మి, నవ్వి, కొడుకు భుజం తట్టి, "ఇప్పుడు మగాడివయ్యావురా" అన్నాడు. జీవితం మొత్తంలో నాన్న ఆయన్ని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అది ఆయన మర్చిపోలేదు. మర్చిపోయుంటే ఎంత బావుండేదో!

బడిలో చేరాక ఆ మెప్పునే పిల్లలకు పంచాడు. వరస తప్పితే ఒకటి, నవ్వితే ఒకటి, బూట్ల లేసు కట్టుకోకపోతే ఒకటి. కుదురుగా కూర్చోని పిల్లలకు వేరే శిక్ష ఉండేది. నేల మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకోవాలి, గంట కొట్టేదాకా తియ్యకూడదు. ఇది మెత్తటి శిక్ష అని ఆయన ఉద్దేశం. వేళ్ళు తిమ్మిరెక్కి పిల్లలు ఏడుస్తుంటే, "నేనేం కొట్టలేదుగా" అనేవాడు.

చేరిన మూడేళ్ళకు ఒక సంగతి జరిగింది. అందరినీ కుడివైపు తిరగమంటే మూడో తరగతి పిల్లవాడొకడు ఎడమవైపు తిరిగాడు. పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు. చెయ్యి వెళ్ళి వాడి ఎడమ చెంప మీద, చెవిని కలుపుకుని పడింది. వాడు కింద పడి లేచాడు. ఏడవలేదు. చెవిలోంచి సన్నగా నెత్తురు కారి చొక్కా కాలరు మీదికి దిగింది. "పంపు దగ్గర కడుక్కుని రా, ఊరికే నాటకాలు" అన్నాడు మాస్టారు. వాడు వెళ్ళి కడుక్కుని వచ్చి వరసలో నిలబడ్డాడు. ఆ ఏడాది చివర్న వాళ్ళు ఊరు మారిపోయారు. ఆ రోజుల్లో ఇలాంటివి ఎవరూ అడిగేవారు కాదు. ఆయనా ఎవరికీ చెప్పలేదు, కొన్నాళ్ళకు తనక్కూడా గుర్తు లేకుండా పోయింది.

పెళ్ళైన మూడో ఏడు చెయ్యి భార్య మీద లేచింది. ఆవిడ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. పెదవి చిట్లిన మొహంతోనే సంచీ సర్దుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయింది. రెండేళ్ళు రాలేదు. ఆయన వెళ్ళి వాకిట్లో నిలబడితే బావమరిది లోపలికి కూడా రానివ్వలేదు. చివరికి, ఇంట్లో చెయ్యెత్తనని ఒట్టేశాక వచ్చింది. ఆ ఒట్టు ఆయన నిలబెట్టుకున్నాడు, అబద్ధమెందుకు చెప్పాలి. ఇంట్లో దాచుకున్నదంతా బడిలో ఖర్చు పెట్టాడు.

నిరుడు అదీ ముదిరింది. నాలుగో తరగతి పిల్లవాడి చెయ్యి మెలిపెడితే మోచేయి వాచిపోయింది. మర్నాడు వాడి తండ్రి బస్సు డ్యూటీ మానుకుని గేటు దగ్గర కాపు కాశాడు. మాటా మాటా పెరిగింది. తండ్రి మాస్టారి కాలరు పట్టుకున్నాడు. మాస్టారు తలతో పొడిస్తే ఆ తండ్రి ముక్కు విరిగి, ఖాకీ చొక్కా ముందుభాగమంతా ఎర్రగా అయిపోయింది. కిందపడ్డ మనిషిని మాస్టారు బూటుకాలితో రెండుసార్లు తన్నాడు. వాచ్‌మనూ బొమ్మల మాస్టారూ కలిసి వెనక్కి లాగితేగాని ఆగలేదు. గేటు అవతల పిల్లలు పుస్తకాల సంచీలు పట్టుకుని నోళ్ళు తెరుచుకుని చూశారు.

పెద్దమేడం గదిలోకి పిలిచి తలుపేసింది.

"మాస్టారూ, మిమ్మల్ని ఇవాళే పంపించెయ్యాలి. బస్సాయన కేసు పెట్టనన్నాడు కాబట్టి, అదీ నేను కాళ్ళావేళ్ళా పడితే, ఒక్క అవకాశం ఇస్తున్నా. ఇంకోసారి మీ చెయ్యి లేచిందని నా చెవిన పడితే, కారణం కూడా అడగను."

ఇంటి దగ్గర భార్య అంతకన్నా తక్కువ మాట్లాడింది. "ఇన్నాళ్ళూ ఇంట్లో అన్నాను. ఇక ఇంటా బయటా ఒకటే. ఎవరి మీద లేచినా ఆ రోజే నా సంచీ బయట ఉంటుంది."

అని ఊరుకోలేదు. నైలాన్ తాళ్ళు నాలుగు పేటలు కలిపి జడలా అల్లింది. ఒక కొస మెడకు, దానికే విజిల్. రెండో కొస కుడి మణికట్టుకు. కొలత తీసి మరీ కట్టింది. చెయ్యి పొట్ట దాకా వస్తుంది, అంతకు మించి లేస్తే తాడు మెడ వెనక కోసుకుని తల కిందికి వంగుతుంది. ఎదుటివాడి చెంప అందాలంటే ముందు తన మెడ తెగాలి. చూసేవాళ్ళకు మాత్రం విజిల్ పోకుండా కట్టుకున్న తాడులా ఉంటుంది.

ఆ తాడుతో పదకొండు నెలలు గడిచాయి. మొదట్లో రోజుకు పాతికసార్లు తల వంగేది. చెయ్యి లేవడం, మెడ వంగడం, పళ్ళు నూరుకోవడం. సంగతి తెలియని ఒకటో తరగతి పిల్లలు, మాస్టారు తమకు వంగి నమస్కారం పెడుతున్నారనుకుని తిరిగి చేతులు జోడించేవారు. కోపంతో కుతకుతలాడుతున్న మనిషికి ఎదురుగా ముప్పై నమస్కారాలు! ఏం చేస్తాడు పాపం, విజిల్ ఊదేవాడు. తర్వాత పది సార్లకు, తర్వాత రెండు మూడుకు దిగింది. మెడ వెనక నల్లటి గీత పడింది. తాను మారిపోయానని ఆయనకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకాన్ని భార్యతో పంచుకుంటే, "తాడు విప్పాక చెప్పండి" అంది.

ఆ మూడో శనివారం బయల్దేరుతుంటే ముడి రెండుసార్లు లాగి చూసింది. "ఇవాళ పెద్దవాళ్ళొస్తారు. వాళ్ళకి నోళ్ళుంటాయి. జాగ్రత్త."

బడి హాల్లో కుర్చీలు వేశారు. పాటల టీచరు చెరగని నవ్వుతో అటూ ఇటూ తిరుగుతోంది. మనసు మంచిదే, చెయ్యి మాత్రం ఊరుకోదు. కనబడిన ప్రతిదాన్నీ సర్దుతుంది. టీచర్లందరికీ రంగు రిబ్బన్లతో బిళ్ళలు కట్టి తెచ్చింది, ఒక్కోదాని మీద ఒక్కో సబ్జెక్టు పేరు. మాస్టారి దగ్గరకొచ్చి మొహం చిట్లించింది.

"అయ్యో మాస్టారూ, ఈ మురికి తాడేంటండీ! ఫొటోలు తీస్తారు. ఇలా ఇవ్వండి."

"వద్దమ్మా, ఉండనీ."

"ఉండనీ ఏంటండీ, పశువుకి కట్టినట్టుంది!" అంటూనే మణికట్టు దగ్గర ముడి విప్పేసింది. చుట్టూ నలుగురు తల్లులు చూస్తున్నారు. ఇది నా చెయ్యి లేవకుండా నా పెళ్ళాం కట్టిన తాడమ్మా అని ఏ మగాడు చెప్పగలడు? చెప్పి ఉంటే మహా అయితే నవ్వేవారు. ఆవిడ తాడు చుట్ట చుట్టి బల్ల సొరుగులో పడేసి, 'వ్యాయామం' అని రాసిన బిళ్ళ మెడలో వేసింది. విజిల్ జేబులోకి చేరింది. కుడిచెయ్యి పక్కన ఖాళీగా వేలాడింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్యాంటు జేబులో దోపుకున్నాడు.

పెద్దమేడం దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "మెల్లగా మాట్లాడండి మాస్టారూ. పోయినేడు సంగతి ఇంకా కొందరికి గుర్తుంది. వాళ్ళు చూడాల్సింది మీ నెమ్మది."

పాటల పావుగంట బాగానే నడిచింది. తండ్రులు తాళం తప్పుతుంటే గోడవారన పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. బొమ్మల మాస్టారు తలా ఒక ఆకు ఇచ్చి చూసి గియ్యమంటే, ఒకాయన గీసినది చేపలా వచ్చింది. పుస్తకాల గది టీచరమ్మ కథ చదువుతుంటే ఒక తాతగారు నిజంగానే నిద్రపోయాడు. అంతా సరదాగా ఉంది. మాస్టారికి కూడా ఆ నవ్వుల్లో కాస్త ఊపిరాడింది.

అప్పుడే ఆయన కంట్లో ఒక మనిషి పడ్డాడు. సన్నగా, ముప్పై దాటిన మనిషి, చొక్కా జేబులో టెస్టరు గుచ్చుకుని ఉన్నాడు, ఎలక్ట్రీషియన్ కాబోలు. మొదట మధ్యలో కూర్చుని, పక్కనున్న తల్లిని బతిమాలి వరసలో ఎడమ చివరికి మారాడు. ఆడవాళ్ళ పక్కన కూర్చోడానికి బిడియమేమో అనుకున్నాడు మాస్టారు. ఎవరేం మాట్లాడినా ఆ మనిషి తల ఒక పక్కకు తిప్పుతున్నాడు. మెడ పట్టేసిందేమో. గోడ దగ్గర నిలబడ్డ రెండు జడల పిల్ల వంక చూసి మధ్యమధ్య చెయ్యూపుతున్నాడు.

డ్రిల్లు వంతు వచ్చింది. కుర్చీలు గోడకు జరిపించి, ముప్పైమందిని మూడు వరసలుగా నిలబెట్టాడు. జేబులో చెయ్యి తియ్యకుండా, పెద్దమేడం చెప్పినట్టు మెత్తగా మాట్లాడాడు. "మీ పిల్లలకి నేను నేర్పేది ఒకటే. చెప్పింది విని, అందరితో కలిసి అడుగెయ్యడం. కుడివైపు తిరగండి."

అందరూ తిరిగారు. టెస్టరు మనిషి మొదటి వరసలోనే, ఆయనకు ఎదురుగానే ఉన్నాడు. తిరిగేసరికి అతని ఎడమ చెవి మాస్టారి వైపుకు వచ్చింది.

"రెండడుగులు ముందుకి."

అందరూ వేశారు. అతను వెయ్యలేదు. వెనకాయన వచ్చి గుద్దుకున్నాడు. నవ్వులు. పిల్లలు ఒకటే గోల.

"రెండడుగులు ముందుకండీ" అన్నాడు మాస్టారు, ఇంకా మెత్తగా.

అతను కదలలేదు. పైగా, గోడ దగ్గరి నవ్వులు చూసి, ఏమిటో తెలియకపోయినా కూతురు వైపు చూసి తనూ నవ్వాడు.

ఆ నవ్వు మాస్టారి తలకెక్కింది. ముప్పైమంది పెద్దవాళ్ళ ముందు, గోడవారనున్న పిల్లలందరి ముందు, ఒకడు తనని ఆడిస్తున్నాడు. దగ్గరికెళ్ళి, "మీకే చెప్పేది" అన్నాడు. అతను అటే చూస్తున్నాడు. చెయ్యి జేబులోంచి ఎప్పుడు వచ్చిందో ఆయనకు తెలియదు. మెడ వెనక లాగుతుందని ఒళ్ళు ఒక్క క్షణం ఎదురు చూసింది. ఏదీ లాగలేదు.

చెళ్ళుమంది.

అతను పక్కకు తూలి, కుర్చీల మీద పడి, వాటితో పాటు నేలకొరిగాడు. కుర్చీ అంచు తగిలి నుదురు పగిలింది. అతను మోకాళ్ళ మీద లేచాడు. అరచేత్తో ఎడమ చెవి మూసుకుని, ముప్పై మూడేళ్ళ మనిషి, ఎనిమిదేళ్ళ పిల్లవాడి గొంతుతో, "సారీ సార్" అన్నాడు. "వినపడలేదు సార్. ఆ చెవి పనిచెయ్యదు సార్."

అప్పుడు జనం మీదపడ్డారు. ముందు వచ్చినవాడు బస్సాయనే, పోయినేడు ముక్కు విరిగినాయన. మడత కుర్చీ ఎత్తి మాస్టారి భుజం మీద వేశాడు. ఇంకెవరో వెనకనుంచి మెడలో బిళ్ళ రిబ్బను పట్టి గుంజితే ఊపిరాగింది. కడుపులో మోకాలు దిగింది. మూతి మీద పిడికిలి పడి, పన్నొకటి విరిగి నాలుక మీదికొచ్చింది. పిల్లలు కేకలు పెడుతున్నారు. పాటల టీచరు, "వద్దండీ, పిల్లలున్నారండీ" అని ఏడుస్తోంది. పెద్దమేడం జనాన్ని తోసుకుంటూ రావడానికి చూస్తోంది గాని దారి దొరకడం లేదు. మాస్టారు కింద పడ్డాడు. పక్కటెముకల్లో బూటుకాళ్ళు దిగుతున్నాయి. ఆ దెబ్బలు ఎలా ఉంటాయో ఆయనకు బాగా తెలుసు.

కాళ్ళ మధ్యనుంచి దూరి వచ్చింది రెండు జడల పిల్ల. ఏడవడం లేదు. నేల మీద పరిచినట్టున్న ఆ కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని, బొటనవేలి కింద కండలో పళ్ళు దించింది. బలమంతా పెట్టి కొరికింది. జనం కొట్టడం ఆపేశారు. చిన్నపిల్ల తగులుతుందని భయం.

ఆ నొప్పికి మాస్టారి ఎడమచెయ్యి లేచింది. అందరూ చూశారు. ఆయనా చూశాడు. పిల్ల తలకు జానెడు ఎత్తులో, అరచెయ్యి విప్పుకుని ఉంది. దాన్ని ఆపడానికి తాడు లేదు, భార్య లేదు, ఎవరూ లేరు. ఎలాగో లేచి కూర్చుని, ఆ చేతిని కిందికి లాక్కుని తన తొడ కింద పెట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద వేసి కూర్చున్నాడు. కుడిచెయ్యి పిల్లకే వదిలేశాడు. పళ్ళు ఎముక దాకా వెళ్ళాయి.

తండ్రి వచ్చి పిల్లను వెనకనుంచి పట్టుకున్నాడు. నుదుటి నెత్తురు కంట్లోకి కారుతోంది.

"బుజ్జీ, వదిలెయ్ తల్లీ. నాకేం కాలేదు. వదిలెయ్."

పిల్ల వదిలింది. గడ్డమంతా ఎర్రగా ఉంది.

"పంపు దగ్గరికెళ్దాం రా. కడుక్కుందువుగాని" అన్నాడు తండ్రి.

పంపు. కడుక్కోవడం. చొక్కా కాలరు మీద సన్నటి ఎర్రగీత. ఎప్పుడో సమాధి చేసిన సంగతి మాస్టారి కళ్ళముందు లేచి నిలబడింది. అతని ఎడమ చెవి వంక చూశాడు. అతను మాస్టారి చూపు ఎక్కడుందో గమనించి, తల ఊపాడు.

"మళ్ళీ ఈ ఊరొచ్చాక తెలిసింది సార్, మీరింకా ఇక్కడే ఉన్నారని. మా ఆవిడ ఈ బడొద్దంది. ఇన్నేళ్ళైంది కదా, మారుంటారులే, పరిచయం రోజున నేనెళ్ళి చూసొస్తాగా అన్నాను." నుదుటి నెత్తురు మోచేత్తో తుడుచుకున్నాడు. "చూశాను సార్."

కూతురి చెయ్యి పట్టుకుని పంపు వైపు వెళ్ళిపోయాడు. జనం దారిచ్చారు. పెద్దమేడం చెయ్యి చాపింది. మాస్టారు జేబులోంచి విజిల్ తీసి అందులో పెట్టాడు. ఆవిడ అన్నమాట ప్రకారం కారణం అడగలేదు.

మిట్ట మధ్యాహ్నం ఇల్లు చేరాడు. భార్య తలుపు తీసి, విరిగిన పన్నూ వాచిన కన్నూ చూసింది. వాటి సంగతి అడగలేదు. ఆయన మణికట్టు చూసింది.

"తాడేది?"

"పాటల టీచరు విప్పేసింది."

"విప్పింది ఆవిడ. లేపిందెవరు?"

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, వేణ్ణీళ్ళతో గాయం కడిగింది. చిన్న చిన్న పళ్ళగుర్తులు చూసి ఆవిడ చెయ్యి ఆగింది. ఎవరివని అడిగింది. ఆయన మొదటినుంచీ చెప్పాడు, పాతికేళ్ళ కిందటి పంపు దగ్గరనుంచి. ఏదీ దాచలేదు. ఆవిడ వింటూ వింటూ శుభ్రంగా కట్టు కట్టింది, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. తర్వాత లోపలికెళ్ళి బీరువా తెరిచింది. బట్టలు మడతపెట్టి సంచీలో సర్దుతున్న చప్పుడు వినిపించింది. ఆయన ఆపలేదు. ఆపే మొహం లేదు.

సంచీ భుజాన వేసుకుని వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ, ఆవిడ ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"ఇంతకీ ఆ అబ్బాయి పేరేంటండీ?"

ఆనాడు హాజరు పట్టీలో ఉండే ఉంటుంది. ఇవాళ పరిచయాల రోజు కూడాను.

"అడగలేదు" అన్నాడు.

ఆవిడ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.